పాటలో లేని పేరు

యాకూత్ నానీ మొండితనం సంగతి లాల్‌గడి మలక్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు. ద్రాక్షతోట కాపలాకు ఆమెను పెట్టుకున్న జయమ్మ, తోట తీసేసి ప్లాట్లు చేసి అమ్ముకున్నాక కూడా ఆ రేకుల గదిలోంచి ఆమెను కదిలించలేకపోయింది. "తోట వోతే వోయింది, నేను యాడికి వోవాలె?" అని హద్దురాళ్లకు మేకలను కట్టేసుకుని కూర్చుంది ముసలమ్మ. జయమ్మ మంచిది కాబట్టి ఊరుకుంది. అలాంటి మనిషిని ఒక్క పాట పాడమని మచ్చబొల్లారం ఆడవాళ్లు నాలుగేళ్లపాటు బతిమాలారంటే, వాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

ఆ ఆడవాళ్లకు పెద్ద జైతూన్. వయసులో కాదు, పనిలో. రైలు గేటు దగ్గర మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. నల్లటి నలుపు, దువ్వెన విరిగేంత రింగుల జుట్టు. నిజాం జమానాలో ఆఫ్రికా నుంచి వచ్చి గుర్రాల మీద కావలి కాసిన హబ్షీల మనవరాలు. ఆ మగవాళ్ల గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. వాళ్ల గుర్రాలు, వాళ్ల తలపాగాలు, వాళ్ల డప్పులు, అన్నీ చెబుతారు. మరి వాళ్లను కన్న ఆడవాళ్లో? అడిగిన పాపాన పోయినవాడు లేడు. చిన్నప్పుడు బడిలో "మీదే దేశం?" అని ఎవరైనా అడిగితే జైతూన్ "బొల్లారం" అనేది. క్లాసంతా పగలబడి నవ్వేది. నిజం చెప్తే నవ్వేమిటో ఆ పిల్లకు అర్థమయ్యేది కాదు.

ఆ నవ్వు కడుపులో పెట్టుకునే, తొంభై అయిదులో తనలాంటి ఆడవాళ్లను పోగుచేసి సంఘం పెట్టింది. కాగితాల మీద 'హబ్షీ మహిళా విరాసత్ సంఘం' అని ఉంటుంది గానీ, కాలనీలో అందరూ 'అవ్వల సంఘం' అనేవారు. జైతూన్ అధ్యక్షురాలు, ఆమె పినతండ్రి కూతురు హమీదా కార్యదర్శి. పక్క వీధిలో ఉండే లక్ష్మీకాంతమ్మ అనే రిటైరయిన టీచరు, కాకినాడ మనిషి, ఎవరూ పిలవకుండానే వచ్చి చేరింది. "మీ పెద్దవాళ్ల మాటలు ఇలా గాలికి పోతుంటే చూస్తూ ఎలా ఊరుకోనమ్మా?" అని సొంత టేప్ రికార్డర్ పట్టుకొచ్చింది. నెలకోసారి ఎవరో ఒక ముసలమ్మను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, బిర్యానీ పెట్టి, ఆమె చెప్పిందల్లా విని దాచుకునేవారు. ఒకావిడ జుట్టు పాయలు తీసి అల్లే పద్ధతి చూపించింది. ఒకావిడ పెళ్లిలో వాయించే డోలక్ దెబ్బలు నేర్పింది. వినడానికి చిన్న విషయాలే. వాళ్లకు మాత్రం బంగారం.

అన్నీ దొరికాయి గానీ, జైతూన్‌కు కావలసింది దొరకలేదు. ఆమెకు తన తల్లి పేరు తెలుసు, మరియం. తల్లి తల్లి పేరు తెలుసు, నూరన్. ఆ వెనక ఏమీ లేదు, అంతా చీకటి. ఓడ దిగి వచ్చిన మొదటి ఆడమనిషి పేరు దగ్గరనుంచి అన్ని పేర్లూ ఒక పాటలో ఉన్నాయని, పుట్టిన బిడ్డకు తొలి స్నానం చేయిస్తూ చెవిలో ఆ పాట పాడతారని తల్లి చెప్పగా వింది. మరియం జైతూన్ చిన్నప్పుడే పోయింది. ఇప్పుడు ఆ పాట తెలిసింది నూరన్ చెల్లెలు యాకూత్ నానీ ఒక్కదానికే.

"పాడు నానీ" అని జైతూన్ అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు.

"నీకు సెప్పిన బిడ్డా. పుట్టిన్నాడే సెవుల సెప్పిన. నువ్వే మర్సిపోతివి, నేనేం జేయాలె?"

"పసిగుడ్డుకు ఏం యాదుంటది నానీ!"

"గందుకే రెండోపారి ఉంటది. నువ్వు కన్ననాడు నీ బిడ్డకు సెప్త, నువ్వింటవు. గప్పుడు మర్సిపోవు. మా అమ్మలందరు గట్లనే నేర్సుకున్నరు. గోడలకు సెప్పే పేర్లు గావు గవి. నీళ్లు పడాలె, పసిదాని సెవుండాలె."

లక్ష్మీకాంతమ్మ ఊరుకునే రకమా? "మామ్మగారూ, పోనీ ఒక బొమ్మని పెట్టుకుని పాడేయండి. టేపులో పదికాలాలు ఉంటుంది కదండీ" అంది ఒకసారి.

ముసలమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది. "టీచరమ్మా, నీ లగ్గం గూడ బొమ్మతోనే జేసిన్రా?"

అందరూ నవ్వారు. లక్ష్మీకాంతమ్మ అందరికంటే గట్టిగా నవ్వి, టేప్ రికార్డర్ మళ్లీ సంచిలో పెట్టేసుకుంది. జైతూన్ మాత్రం ఆ వేళ వేరే సంగతి అడిగింది. "మరి పాటల నీ పేరు యాడ వస్తది నానీ?"

"నా పేరేంది! నేను కనలే. కన్నోళ్ల పేర్లే వస్తయ్. నేను నీళ్లు వోసుడే" అంది నానీ, చుట్ట వెలిగించుకుంటూ. అక్క కాన్పుకూ ఆమే నీళ్లు పోసింది, మరియం కాన్పుకూ ఆమే పోసింది. ఆ పేర్లన్నీ ఇన్నాళ్లు మోసిన మనిషి పేరే వాటిలో లేదు. ఇదేం న్యాయమని జైతూన్‌కు ఒళ్లు మండింది.

చిక్కేమిటంటే, జైతూన్‌కు పెళ్లయి పదేళ్లు దాటినా పిల్లల్లేరు. ఆ వరసలో మిగిలింది ఆమె ఒక్కతే. హమీదాకు నలుగురు పిల్లలున్నారు గానీ తండ్రి వైపు చుట్టరికం, ఆ పాట వాళ్లది కాదు. పైకి ఎవరూ అనేవారు కాదు గానీ, నెలనెలా మీటింగు అయ్యాక సంఘమంతా ఓసారి జైతూన్ కడుపు వంక చూసి, చూపు తిప్పుకునేది. ఉత్త పిల్లలు లేని దిగులే అయితే అంతగా బాధ ఉండేది కాదు ఆమెకు. ఒకవైపు నానీ ముడుతలు పడి చిక్కిపోతోంది, ఇంకోవైపు తన ఒళ్లు పలకడం లేదు. తన వల్లే ఆ ఆడవాళ్లంతా రెండోసారి చచ్చిపోతారని ఎన్నోసార్లు మిషన్ మీద తల పెట్టుకుని ఏడ్చింది.

అలాంటిది, తొంభై తొమ్మిది ఎండాకాలంలో జైతూన్‌కు నెల తప్పింది.

చెప్పొద్దూ, కాలనీకి పండగొచ్చినట్టయింది! భర్త గఫూర్ ఆటో తీసుకుని లాల్‌గడి మలక్‌పేట పోయాడు. ఎవరు చెప్పినా కదలని యాకూత్ నానీ, మాట చెవిన పడగానే రేకుల గదికి తాళం వేసింది. "నడువు, జల్దీ నడువు" అని మేకలను కూడా ఆటోలో తోసింది. శామీర్‌పేట చెరువు కట్ట మీద ఆటోలోంచి మేకలు తలలు బయటపెట్టి అరుస్తుంటే బస్సుల్లో జనం లేచి నిలబడి చూశారట. గఫూర్ ఆ కథ చెప్పినప్పుడల్లా జైతూన్ కడుపు పట్టుకుని నవ్వేది.

అప్పటినుంచి ఇంట్లో ఒకటే సందడి. నానీ రోజూ కాళ్లకు నూనె రాసేది. హమీదా మెత్తటి పాత చీర చించి పొత్తిగుడ్డలు కుట్టింది. లక్ష్మీకాంతమ్మ కొత్త బ్యాటరీలు కొని, స్నానం నాడు టేప్ పెట్టుకోవడానికి నానీ దగ్గర అనుమతి సంపాదించింది. "బిడ్డ సెవుల నేను సెప్త. పక్కన నీ డబ్బా ఇంటే ఇననీ" అంది నానీ. అంతకంటే వరం ఏముంటుంది? టీచరమ్మ ఆ వారమంతా కాలు ఒకచోట నిలవకుండా తిరిగింది.

ఇక పేరు గొడవ. పాటలో చివర బిడ్డ పేరు రావాలి, దాన్ని తల్లే చెప్పాలి, ముందుగా బయట పెట్టకూడదు. "నాకన్న సెప్పరాదే?" అని గఫూర్ చెవిలో జోరీగలా పోరేవాడు. "స్నానం నాడు ఇంటవు తియ్యి" అని నవ్వేది. ఆమె మనసులో ఎప్పుడో అనుకుంది. ఆడపిల్లే పుడుతుంది, యాకూత్ అని పెడుతుంది. కననివాళ్ల పేరు పాటలో రాదట! ఎట్లా రాదో చూస్తా, అనుకుంది. తన పేరు తానే పాడాల్సి వచ్చినప్పుడు ముసలమ్మ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుని రోజూ మిషన్ దగ్గర ఒక్కతే మురిసిపోయేది.

ఎనిమిదో నెల నిండబోతుండగా ఒకరోజు పొద్దున లేస్తే కడుపులో కదలిక తెలియలేదు. పడుకుందేమో అనుకుంది. చల్లటి నీళ్లు తాగింది, పక్కకు తిరిగి పడుకుంది, కడుపు మీద చెయ్యి వేసి పిలిచింది. మధ్యాహ్నానికి భయం పట్టుకుంది. నానీని వెంటబెట్టుకుని గఫూర్ ఆటోలో మేడ్చల్ ఆసుపత్రికి పోయారు. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. ఆమె ఏమీ చెప్పకముందే నానీ గోడకు చేరగిలబడి నేల మీద కూర్చుండిపోయింది.

మర్నాడు తెల్లవారి కాన్పయింది. ఆడపిల్ల. ఊపిరి లేదు. అన్నీ ఉన్నాయి, రింగుల జుట్టు కూడా ఉంది. జైతూన్ ప్రాణం దక్కింది గానీ, ఇక కాన్పు మాట తలపెట్టొద్దని డాక్టరమ్మ గఫూర్‌ను పక్కకు పిలిచి చెప్పింది. ఆ మాట జైతూన్ వినేసింది.

ఆసుపత్రిలో ఉండమన్నా ఉండనంది. "నా బిడ్డ పోయేటప్పుడు నేను ఇంట్ల ఉండాలె" అని పట్టుబట్టింది. ఆటోలో బిడ్డను నానీ ఒళ్లో పెట్టుకుంది.

ఇంటిముందు అప్పటికే జనం చేరారు. ఖబ్రస్తాన్‌కు తీసుకుపోయే ముందు కడగాలి, తెల్లగుడ్డ చుట్టాలి. సంఘం ఆడవాళ్లంతా వచ్చారు. హమీదా నీళ్లు కాచింది. తాను కుట్టిన పొత్తిగుడ్డలు కనబడకుండా బీరువాలో దాచేసి వచ్చింది. లక్ష్మీకాంతమ్మ భుజాన సంచి ఉంది, అందులో కొత్త బ్యాటరీలు వేసిన టేప్ రికార్డర్ ఉంది. స్నానం నాటికోసమని ఆ సంచి వారంగా అట్లాగే సిద్ధంగా పెట్టింది పాపం. గుమ్మంలోకి వచ్చాక గాని ఆ సంగతి ఆమెకే తట్టలేదు. సంచి బయట అరుగు మీద వదిలేసి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

జైతూన్‌ను మంచం మీద పడుకోబెట్టారు. ఆమెకు కనబడేలా నేల మీద పీట వేసుకుని నానీ కూర్చుంది. బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుంది, బతికిన బిడ్డలకు పోసినట్టే. చెంబుతో నీళ్లు ముంచి, వేడి చూసుకుంది.

"కొద్దిగ జల్దీ కానియ్యిన్రి" అన్నాడు గఫూర్ చిన్నాన్న, గుమ్మం అవతలనుంచి.

"ఆగు" అంది నానీ. "గిది గీమె తొలి తానం. నేను సెప్పేటియి ఉన్నయి."

"పాటలా? గిప్పుడా?" పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఇనే బిడ్డ గాదు గదా అమ్మా."

"వచ్చింది గదా! వచ్చి పోతాంది. తన అమ్మలెవరో ఎరకలేకుంట ఎట్ల పోతది?" అంది నానీ. పెద్దాయన తల వంచుకుని తలుపు దగ్గరగా వేశాడు.

ముసలమ్మ నీళ్లు పోస్తూ బిడ్డ చెవి దగ్గరకు వంగింది. మొదట ఎవరికీ అర్థం కాని మాటలు కొన్ని వచ్చాయి. ఆ తర్వాత పేర్లు. గొంతు సన్నగా ఉంది గానీ తడబడలేదు. ఓడ దిగిన బహాతి. బహాతి బిడ్డ జాఫ్రాన్. జాఫ్రాన్ బిడ్డ ఫిరోజా. ఫిరోజా బిడ్డ నూరన్. నూరన్ బిడ్డ మరియం. ఒక్కో పేరుకు ఒక్కో చెంబు. నాలుగేళ్లు ఎదురుచూసిన ఆడవాళ్లు గోడవారగా నిలబడి విన్నారు. ఏ ఒక్కరికీ వినాలని లేదు. విన్న ప్రతి పేరూ జైతూన్‌లోకి మేకు దిగినట్టు దిగింది.

"మరియం బిడ్డ జైతూన్" అని పాడి నానీ ఆగింది. తల ఎత్తి మంచం వైపు చూసింది. "పేరు సెప్పు బిడ్డా."

మట్టిలోకి పోయే బిడ్డకు బతికున్న మనిషి పేరు పెడతారా ఎవరైనా? ఎంత అపశకునం! ఎనభై ఏళ్ల ముసలమ్మ, ఎదురుగా కూర్చుని ఉంది. వేరే పేరేదైనా చెప్పేయొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ పాట ఇక్కడితో అయిపోతుంది. ఈ చెవి తర్వాత ఇంకో చెవి లేదు. ఇప్పుడు రాకపోతే నానీ పేరు ఆ పాటలోకి ఎన్నటికీ రాదు.

"సెప్పు తల్లీ, నీళ్లు సల్లగైతున్నయ్."

"యాకూత్" అంది జైతూన్.

నానీ చేతిలో చెంబు ఆగిపోయింది. "నా పేరా?"

"ఔ నానీ. ఎన్నడో అనుకున్న."

"పాటల నా పేరు రాదని సెప్తి గదనే..." అంటూ ముసలమ్మ ముఖం చిన్నపిల్ల ముఖంలా ముడుచుకుపోయింది. జైతూన్ అన్ని నెలలు ఊహించుకున్న ముఖం ఇది కాదు. హమీదా వెక్కుతూ బయటికి పోయింది.

నానీ మొహం తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు. మళ్లీ వంగింది. "జైతూన్ బిడ్డ..." అని ఆగింది, ఇంకోసారి మొదలుపెట్టింది. తన పేరు తాను ఆ చిన్న చెవిలో చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. చెప్పాక చివరి చెంబు పోసింది. తెల్లగుడ్డ చుట్టి, రింగుల జుట్టు లోపలికి సర్ది, గఫూర్ చేతుల్లో పెట్టింది.

మగవాళ్లు వెళ్లిపోయాక వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. తడి చేతులతోనే జైతూన్ తల నిమిరింది.

"ఇన్నవా?"

"ఇన్న."

"ఇగ మర్సిపోవు గద బిడ్డా?"

"మర్సిపోను నానీ" అంది జైతూన్.