మూడుసార్లు చాలు

ప్రెస్సు తలుపులు తీయగానే కత్తెరక్క చేసే మొదటి పని ఇనుప కుర్చీ తుడవడం. అయినవాళ్లు పోయి, సంస్మరణ కార్డులు వేయించుకోవడానికి వచ్చేవాళ్లు దుఃఖంతో బరువెక్కి ఉంటారు. వాళ్ల కింద చెక్క కుర్చీలు ఆగవు. ఆ తర్వాత టీ తాగి, ఎర్ర పెన్ను తీసి ప్రూఫుల మీద పడుతుంది. చెప్పిన మాటే మళ్లీ కనబడిందా, కొట్టిపారేస్తుంది. ఆ పేరు ఊరికే రాలేదు.

పోయిన నెల రంగులు వేసే మేస్త్రి వచ్చాడు. ఏ గోడకు ఏ రంగు నప్పుతుందో అతని భార్యే చెప్పేది. ఆవిడ పోయాక రాసుకున్న పాటలో "ఏ రంగు కలపను, నువ్వు చెప్పకుండా" అని నాలుగుసార్లు ఉంది. అక్క మూడు కొట్టేసింది. అచ్చుకు ముందు ప్రూఫు పైకి చదివి వినిపించడం ప్రెస్సు ఆనవాయితీ. విని, చదువుకున్నావిడ దిద్దింది కదా అని మేస్త్రి ఊరుకున్నాడు.

కార్డులు పంచాక అందరికీ తగ్గే బరువు మేస్త్రికి గ్రాము కూడా తగ్గలేదు. అతని కింద రెండు నిచ్చెనలు విరిగాయి. రేపటికి నిచ్చెన ఎక్కలేకపోతే వేరే మనిషిని చూసుకుంటామని, గోడలకు రంగులు వేయించుకుంటున్న బడివాళ్లు కబురు పెట్టారు. ఉన్నది ఆ ఒక్క పనే. అందుకే ఇవాళ మళ్లీ వచ్చి, మూలుగుతున్న ఇనుప కుర్చీలో కూర్చుని, తను రాసింది రాసినట్టే వెయ్యమన్నాడు. ఒకసారి చెప్తే అర్థం కాదా, అరిగిపోయిన రికార్డులా అన్నిసార్లెందుకని అక్క వాదించింది.

"ఆవిడ ఎలాగూ తిరిగి రాదమ్మా. ఆ మాటైనా తిరిగొస్తుందని రాసుకున్నాను," అన్నాడు మేస్త్రి.

అక్క తల దించుకుంది. నిజంగానే సిగ్గుపడింది. పాత కాగితం వెతికి తీసి, చదవడం మొదలుపెట్టింది.

"ఏ రంగు కలపను, నువ్వు చెప్పకుండా
ఏ గోడకు వెయ్యను, నువ్వు చూడకుండా..."

రెండోసారి ఆ పాదం రాబోతుంటే మేస్త్రి పెదాలు ముందే కదిలాయి. కుర్చీ మూలుగు ఆగింది. మూడోసారికి అతను గొంతు కలిపి, హాయిగా, బాహాటంగా ఏడ్చాడు. నేలలోకి దిగబడిన కుర్చీ కాళ్లు పైకి తేలాయి. అక్కకు హుషారొచ్చింది. నాలుగేం ఖర్మ, ఐదుసార్లు వేద్దామనిపించి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"చాలమ్మా," అన్నాడు మేస్త్రి. "నాలుగోది మీరే కొట్టేయండి. ఆ కాస్త బరువూ నా దగ్గర ఉండనివ్వండి."

ఎర్ర పెన్ను పట్టుకుని అక్క చాలాసేపు తటపటాయించింది. చివరికి ఆ ఒక్క పాదం మీద సన్నగా గీత గీసింది.

మర్నాడు బడి గోడకు ఆనించిన నిచ్చెన మేస్త్రి కింద మెట్టుమెట్టుకీ కిర్రుమంది. అయినా అతణ్ని పైదాకా మోసింది.