తాతయ్య మోకాలికి సరిపోయే పాట

ఇంట్లో ఇవాళ ఎవరెవరున్నారంటే, జంటల డాన్సు నేర్పే పిన్ని, ఆమెకి ఎప్పుడూ జోడీగా నిలబడే బాబాయి, మోకాలి పట్టీ నిన్ననే విప్పేసిన తాతయ్య, ఆయన్ని కుర్చీలోంచి కదలనివ్వని నానమ్మ, నేర్చుకోవడానికొచ్చిన టైలరూ ఆయన భార్యా, బేకరీ అక్కచెల్లెళ్ళూ, ఇక ఈ పక్కగదిలో పాటలు పెట్టే తను, తనని కూడా లెక్కలో వేసుకోవాలా, వేసుకోవాలి, పాట లేకపోతే వాళ్ళందరూ ఊరికే చేతులు పట్టుకుని నిలబడతారంతే, తలుచుకుంటే నవ్వొచ్చింది ఆ అమ్మాయికి, తలుపు బార్లా తెరిచి ఉంది, ఏ పాట పెట్టాలో పిన్ని హాల్లోంచే అరిచి చెబుతోంది, ఇదివరకు చెప్పేది కాదు, పోయిన వారం తను వినడానికి బాగుందని మధ్యలో ఆగి మళ్ళీ పరుగెత్తే పాట పెట్టింది, పాట ఆగిన చోట టైలరు ఆగాడు, ఆయన భార్య ఆగలేదు, వెనకొస్తున్న బేకరీ అక్క వచ్చి ఇద్దరి మీదా పడింది, బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు గాని పిన్ని నవ్వలేదు, పాట నీ చెవులకి కాదే పిల్లీ, వాళ్ళ కాళ్ళకి, ఇంకోసారి ఇలా చేశావంటే పాటలు పెట్టే ఆ కుర్చీలో మీ బాబాయిని కూర్చోబెడతా అంది, తను నోరు విప్పలేదు, ఎప్పుడు విప్పింది గనక, చప్పుడు చెయ్యకుండా తిరుగుతుందనే కదా పిల్లి అన్నారు, కానీ ఆ మాట మనసులో పెట్టుకుంది, వారమంతా అందరి కాళ్ళే చూసింది, నానమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపిస్తే తాతయ్య తూలేవాడు, అదే ఫోను మోగితే చకచకా వెళ్ళి అందుకునేవాడు, అదెలా, అప్పుడు అర్థం కాలేదు.

ఇదిగో, తాతయ్య లేచాడు, ఏమండీ, ఇవాళ తూలారంటే ఇక డాన్సు మాట ఎత్తకూడదు, చెబుతున్నా అంది నానమ్మ, సరే ఎత్తను, ముందు చెయ్యివ్వు అన్నాడాయన, పిల్లీ, బాగా నెమ్మదిది పెట్టవే అని పిన్ని అరుపు, తన చెయ్యి ఆ నెమ్మది పాట దాకా పోయి ఆగిపోయింది, నెమ్మది పాటంటే ఒంటికాలి మీద ఎక్కువసేపు నిలబడాలి, ఆ సేపంతా బరువు ఆ మోకాలి మీదే, ఫోను మోగినప్పుడు ఆయన్ని నిలబెట్టింది చకచకా పడ్డ అడుగులే, అందుకని పరుగెత్తించకుండా చురుగ్గా నడిచే పాట, అడుగు ఎక్కడెయ్యాలో డ్రమ్ము చెప్పే పాట, మధ్యలో ఎక్కడా ఆగని పాట, పెట్టేసింది, ఇదేంటే, నెమ్మదిది అన్నానా అని పిన్ని తల తిప్పింది, అయినా తను పాట మార్చలేదు, ఇదే పిన్నీ, తాతయ్యకి ఇదే, తన గొంతు అంత పెద్దదని తనకే తెలీదు, అమ్మో, పిల్లి మాట్లాడిందిరోయ్ అంటున్నాడు బాబాయి, అప్పటికే తాతయ్య అడుగు పడింది, ఇంకోటి పడింది, నొప్పి కాలి మీద నిలిచేలోపే డ్రమ్ము ఆయన్ని రెండో కాలి మీదికి తీసుకుపోతోంది, పడితే పట్టుకుందామని చాచిన నానమ్మ చెయ్యి ఆ సంగతి మరిచిపోయి ఆయన భుజం మీద వాలింది, అబ్బబ్బా, నా కాళ్ళు తొక్కడం ఇంకా మానలేదా మీరు, తొక్కించుకోవడం నువ్వు మానావా ఏంటి.

పిన్ని ఇటే వస్తోంది, కుర్చీ ఖాళీ చెయ్యమంటుందేమో, చేస్తాను, కానీ ఈ పాట అయ్యాకే, అనుకుంటుండగానే పిన్ని గుమ్మంలో ఆగి, తర్వాతవి కూడా నువ్వే చూసుకో, తలుపు తెరిచుంటే నా నోరు ఊరుకోదు అంటూ తన ముఖం మీదే తలుపు మూసేసింది, ఇక ఎవరూ కనబడరు, అయితేనేం, తాతయ్య అడుగు నేలలోంచి తన అరికాళ్ళకి తెలుస్తూనే ఉంది, తూలడం లేదు, ఈ కుర్చీ తనదే.