అద్దె ఎవరు కడుతున్నట్టు?

"ఓ పెద్దాయనా, దిగవయ్యా! కలిపిన మాలు గట్టిపడిపోతంది!"

మేస్త్రీ ఎంత అరిచినా సోంబరు కదల్లేదు. స్లాబు కోసం కట్టిన ఇనుప చువ్వల మధ్య, సెంట్రింగ్ చెక్కల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని తాపీగా చుట్ట వెలిగించాడు. కింద మిక్సరు గుర్రుగుర్రుమంటూ తిరుగుతోంది. సిమెంటు తట్టలు పట్టుకున్న కూలీలు నిచ్చెన దగ్గర వరసగా ఆగిపోయారు.

"నన్ను కూడా కలిపి పోసెయ్యండి. స్లాబు ఇంకా గట్టిగుంటాది" అన్నాడు సోంబరు.

స్వర్ణ షూటింగ్ మధ్యలోంచి మేకప్‌తోనే పరుగెత్తుకొచ్చింది. తండ్రిని అక్కడ చూసి నిచ్చెన మొదట్లోంచే అరిచింది.

"అయ్యా! ఏటిది? దిగు!"

"నన్నెందుకడుగుతావు? ఆ మేస్త్రీని అడుగు. ఇది సెట్టు కాదంట, రిసార్టంట. ఈ నేల మనది కాదంట."

స్వర్ణ మేస్త్రీ వైపు తిరిగింది. అతను తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"నామీద ఎగరకమ్మా. ఫోనులో సెప్పినట్టు సేత్తన్నాను. మీ అయ్య పేరు మీంచి భూమి మారిపోయిందన్నారు. మీవోళ్ళ పేరునే మారిందంట. కొండోళ్ళ నేల కొండోళ్ళ పేరునే ఉండాల కదా."

"ఎవరి పేరున?"

"అది నాకెందుకు సెప్తారు? కూలోణ్ణి."

స్వర్ణకు సంగతి అర్థమైంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్ళు కొనడానికి వీల్లేదు. బయటి డబ్బు ఇక్కడ మేడ కట్టాలంటే దానికి ఒక లోపలి పేరు కావాలి. ఆ పేరు ఇచ్చినవాళ్ళెవరో తనకు తెలిసినవాళ్ళే అయి ఉండాలి.

పోయిన ఏడాది సోంబరు తన కాఫీ తోట అంచున ఉన్న ఈ జాగాను ఒక సీరియల్ షూటింగ్ కోసం ఇచ్చాడు. కూతురు అందులో వేషం వేస్తోందన్న మురిపెంతో ఇచ్చాడు. పర్మిషన్ కాగితాలని చెప్పి ఒక కట్ట తెస్తే, అందరూ నవ్వుతూ తుళ్ళుతూ ఉండగా బొటనవేలు అద్దాడు. ఏ కాగితం మీద అద్దాడో ఆయనకు తెలీదు. ఆ కట్టలోకి ఏ కాగితం దూర్చారో, ఎవరు దూర్చారో అంతకన్నా తెలీదు.

స్వర్ణ వెంటనే భూముల ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతల గుమస్తా ఓపికగానే విన్నాడు.

"ఎవరి మీద రాసుకోమంటావమ్మా? పేరు చెప్పు. పేరుంటే ఇప్పుడే మనిషిని పంపి ఆపిస్తాం. పేరు లేకుండా ఎవర్ని ఆపమంటావు?"

మేస్త్రీ ఆ మాట విన్నాడు. మిక్సరు ఆపించి, గట్టిపడుతున్న మాలు పక్కన పారబోయించాడు.

"మా అన్నాలయ్యేదాకా టైమిత్తాను. ఈలోగా తేల్సుకోండి. తర్వాత మీ అయ్యని దింపించి మరీ పోస్తాను. స్లాబు పడిందంటే ఇంక ఎవరొచ్చినా ఇల్లు లేసినట్టే."

స్వర్ణ మొదట పట్టుకున్నది లక్ష్మీప్రసాద్‌ని. ఆయన విశాఖ మనిషి. సీరియల్ డైరెక్టరూ ఆయనే, అందులో అద్దె వసూలు చేసుకోలేని ఇంటి ఓనర్ వేషమూ ఆయనదే. సీరియల్ పేరు 'అద్దె అడగొద్దు'. పనీపాటా లేని నలుగురు స్నేహితులు అరకు కొండ మీద ఒక ఇంట్లో ఉంటారు. రోజంతా కాఫీ తాగుతారు, కోడికూర తింటారు, పోట్లాడుకుంటారు. ఆ నలుగురిలో స్వర్ణ ఒకతె. ఆమె మేనమామ కూతురు బేబి ఇంకొకతె.

డైరెక్టరు ఓనర్ వేషంలోనే, పంచె ఎగ్గట్టుకుని, వెదురు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"సార్, ఈ గదులన్నీ ఎవరు కట్టిస్తన్నారు?"

"కథ అడిగింది, కట్టారు."

"కథ సిమెంటు కొనదు సార్. ముందు రేకుల షెడ్డన్నారు. తర్వాత ఇటుక గోడలొచ్చాయి. తర్వాత గదికో బాత్రూమొచ్చింది. పనిలేని నలుగురికి అటాచ్డ్ బాత్రూములు ఎందుకు సార్?"

లక్ష్మీప్రసాద్ నవ్వబోయి మానేశాడు. "స్వర్ణా, నిజం చెప్తున్నా. నాకు ఇల్లు ఉచితంగా వచ్చింది. లొకేషన్ ఇచ్చే పార్టీ ఎవరో ఉన్నారన్నారు. గది పెంచుతున్నాం, ఆ గదిలో ఒక సీను రాయండి అనేవారు, రాసేవాణ్ణి. ఉచితంగా వచ్చేదాన్ని ఎవడు ఆరా తీస్తాడు?"

"ఎప్పుడూ అనుమానం రాలేదా?"

"ఇలాంటి కామెడీకి మొదటి సూత్రం తెలుసా? ఆ మనుషులకి డబ్బులెక్కడివని చూసేవాడికి గుర్తు రాకూడదు. గుర్తొచ్చిందంటే నవ్వు చచ్చిపోతుంది."

"గుర్తొచ్చింది సార్. పొద్దున్న మన సీరియల్ పేజీలో ఎపిసోడ్ పెడితే కింద కామెంట్లలో అదే గోల. అద్దె ఎవరు కడుతున్నారు, ఆ ఇంట్లో సామానెవడు కొంటున్నాడు అని."

"ఏవీ? నేనొక్కటీ చూళ్ళేదే!"

నిజమే. పొద్దున స్వర్ణ కళ్ళారా చూసిన కామెంట్లు సాయంత్రానికి ఉండేవి కావు. ఫోన్ తప్పేమో అనుకునేది. ఎవరో వాటిని ఏరి ఏరి తుడిచేస్తున్నారన్నమాట.

"పేజీ ఎవరు చూసుకుంటారు?"

"మేనేజరు పని. అంటే మీ సురేంద్ర మావయ్యే."

సురేంద్ర స్వర్ణ తల్లికి తమ్ముడు. ఈ యూనిట్‌ని కొండెక్కించినది ఆయనే. జాగా ఇమ్మని బావని ఒప్పించినదీ ఆయనే. ఇప్పుడు నిచ్చెన మొదట్లో నిలబడి సోంబరును బతిమాలుతున్నాడు.

"బావా, దిగు బావా. కూర్సుని మాటాడుకుందాం."

"నేను కూర్సునే ఉన్నాను కదరా. నువ్వే నిలబడ్డావు."

మామయ్యని నిలదీయబోయిన స్వర్ణని మేస్త్రీ సైగ చేసి పక్కకు పిలిచాడు. తూర్పు మూల స్తంభం మొదలు చూపించాడు.

"ఇది మీవోళ్ళదే కామోసు. పొద్దున్న మేమొచ్చేసరికే ఉంది. మేం కొబ్బరికాయ కొట్టుకున్నాం. దీని జోలికెళ్ళొద్దని కూలీలు గోల సేసారు, వదిలేసాను."

నేలలో చిన్న గొయ్యి. దాని మీద విస్తళ్ళు కుట్టే అడ్డాకు ఒకటి బోర్లించి ఉంది. పక్కన పసుపు మరకలు, కోడి ఈకలు. ఆకు అంచు కిందనుంచి జంటలు జంటలుగా పేర్చిన బియ్యపు గింజలు కనిపించాయి.

స్వర్ణ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈ కొండల్లో ఇల్లు నిలబెడితే దిసారి వచ్చి బియ్యం పెడతాడు. పూజలు, మంచిరోజులు అన్నీ చూసే మనిషి ఆయన. ఇంటివాళ్ళ పేరు నేలకు చెప్పి మరీ పెడతాడు. నాటకం సెట్టుకు ఎవరూ బియ్యం పెట్టించరు. బయటినుంచి వచ్చిన కంపెనీవాడికి ఈ గొయ్యి సంగతే తెలీదు. బియ్యం పెట్టకపోతే ఇంట్లో మనిషి దక్కదన్న భయం ఇక్కడ పుట్టినవాళ్ళకే ఉంటుంది. అంటే ఇది మేడ అని ముందే తెలిసినవాళ్ళు ఒకరున్నారు. వాళ్ళు ఇక్కడివాళ్ళే.

"మావా! ఫల్గుణ దిసారిని పిలుద్దాం" అని కేకేసింది.

సురేంద్ర నిచ్చెన వదిలేసి వచ్చాడు. "ఆడు లేడు గుంటా. కూతురింటికి సింతపల్లి ఎల్లిపోనాడు."

"ఎప్పుడెల్లాడు?" అంది తట్ట మోసే ఆవిడ ఒకతె. "పొద్దున్నే మిరియాలు ఆరబోత్తంటే సూసాను."

సురేంద్ర వినిపించుకోనట్టు నిచ్చెన వైపు తిరిగాడు. మామయ్య స్వర్ణకు అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి.

బేబి పక్కకొచ్చి భుజమ్మీద చెయ్యి వేసింది. "నువ్వు సోంబరు మావ కాడ ఉండొదినా. నేను బండి మీద బేగి ఎల్లి పిలుసుకొత్తాను."

"ఒద్దు. అడ్డదారిన నేనే ఎల్తాను."

"అయితే నేనూ వత్తాను. నిన్నొక్కదాన్నే ఎలా పంపుతాను?"

ఇద్దరూ కాఫీ తోటలోంచి దిగారు. కొమ్మలనిండా ఎర్రటి పళ్ళు చీరలకు తగులుతున్నాయి. స్వర్ణ మాట్లాడకుండా నడిచింది. పక్కనుంచి బేబి సెంటు వాసన. కొత్త సెంటు. బండీ కొత్తదే. బేబి ఇప్పుడు విశాఖలో బీచికి దగ్గరగా గది తీసుకుని ఉంటోంది, షూటింగ్ ఉన్నప్పుడే కొండెక్కుతుంది. ఇద్దరికీ సీరియల్ ఇచ్చేది ఒకటే కూలి. స్వర్ణకు ఆ కూలితో ఇంట్లో ఉప్పూపప్పూ గడిచేసరికే తలప్రాణం తోకకొస్తోంది.

"బేబీ, నీ విశాఖ గదికి అద్దె ఎవరు కడతన్నారే?"

బేబి పకపకా నవ్వింది. "సీరియల్లో డైలాగులా ఉందొదినా!"

"సెప్పు."

నవ్వు ఆగింది. బేబి కళ్ళు నేలమీదకు వాలాయి. "మా అయ్యే కడతన్నాడు. ఎక్కడినుంచి తెత్తన్నాడో నేనడగలేదు. మా అయ్య సెడ్డోడు కాదొదినా. ఏదైనా సేసుంటే నాకోసమే సేసుంటాడు."

స్వర్ణకు ఏడుపొచ్చింది. మేనేజరు జీతంతో బీచి దగ్గర గది రాదు. అన్ని దారులూ మామయ్య దగ్గరికే వెళ్తున్నాయి.

ఫల్గుణ దిసారి ఇంటి ముందు చాప మీద మిరియాలు కలియబెడుతున్నాడు. స్వర్ణను చూసి లేచాడు. వెనకాల బేబిని చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"ఆ మేడ కాడ బియ్యం నువ్వే పెట్టావా దిసారీ?"

"పెట్టాను."

"ఎవురి పేరున?"

దిసారి చూపు ఒక్కసారి బేబి మీదికి వెళ్ళి మిరియాల మీదికి వచ్చేసింది. తండ్రి పేరు కూతురి ముందు ఎలా చెప్తాడులే అనుకుంది స్వర్ణ.

"ఆ పేరు ఇక్కడ సెప్పకూడదు గుంటా. పెట్టినకాడ సెప్పి పెట్టాను. తీసేటప్పుడూ అక్కడే గట్టిగా సెప్పి తియ్యాల."

"అయితే వచ్చి తియ్యి. మా అయ్య నేల అది."

"ఇంకా మీ అయ్య నేలేనా?" దిసారి చేతిలో మిరియాలు జారిపోయాయి. "సోంబరు ఇట్టపడే ఇచ్చాడని సెప్పారు నాకు!"

"ఇయ్యలేదు. సెంట్రింగ్ మీద కూర్సున్నాడు, సచ్చిపోతానంటన్నాడు."

"ఈ ఎండలో ఆ ముసలాయన్ని కొండెక్కించడం ఎందుకొదినా?" అంది బేబి. "రేపు రమ్మందాం."

దిసారి అప్పటికే కర్ర అందుకున్నాడు.

పైకి చేరేసరికి అన్నాలైపోయాయి. మిక్సరు మళ్ళీ తిరుగుతోంది. నలుగురు కూలీలు సోంబరును ఎత్తడానికి నిచ్చెనెక్కుతున్నారు. సోంబరు రెండు చేతులతో చువ్వలు పట్టుకున్నాడు. అరిచేతులు గీరుకుపోయి నెత్తురొస్తోంది.

"ఆపండి!" స్వర్ణ గొంతు చిరిగేలా అరిచింది.

ఫల్గుణ తిన్నగా తూర్పు మూలకు నడిచాడు. తలెత్తి అడిగాడు. "సోంబరూ, ఈ నేల నువ్వు ఎవురికైనా ఇచ్చావా?"

"నేను బతికుండగా ఇయ్యను."

"అయితే తీసేత్తాను. తియ్యమంటావా?"

"తియ్యి."

సురేంద్ర పరుగున వచ్చి గొయ్యి ముందు పడ్డాడు. "ఒద్దు దిసారీ! నేనే! బియ్యం పెట్టించింది నేనే! బావా, తప్పు నాది. నన్ను కొట్టు, సంపెయ్యి. ఆ ఆకు మాత్రం తియ్యనియ్యకు!"

కూలీలు గుసగుసలాడుకున్నారు. లక్ష్మీప్రసాద్ తల కొట్టుకున్నాడు. సోంబరు పైనుంచి ఉమ్మేశాడు. "నా పెళ్ళానికి తమ్ముడివిరా నువ్వు!"

స్వర్ణ చేతిలో ఫోన్ ఉంది. ఆఫీసు నంబరు నొక్కింది. మేనమామ పేరు చెప్పడానికి నోరు తెరిచింది. అప్పుడే, నేల మీద పడి ఉన్న సురేంద్ర చొక్కా జేబులోంచి జారిన ఫోన్ కనిపించింది. బటన్లు అరిగిపోయిన పాత ఫోను. మాట్లాడటానికి తప్ప దేనికీ పనికిరాదు.

"మావా, కామెంట్లు ఎలా తుడిసావు?"

"ఏ కామెంట్లు గుంటా?"

ఆయనకు ఆ మాటే అర్థం కాలేదు. ఆ కళ్ళలో దొంగతనం లేదు. ఉన్నదంతా భయమే. ఆ కళ్ళు స్వర్ణను కాదు, ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాయి.

"పెట్టించింది ఈడే" అన్నాడు ఫల్గుణ నెమ్మదిగా. "పేరు మాత్రం ఈడిది కాదు. బిడ్డ పేరున మేడ లేత్తంది, బియ్యం లేకపోతే బిడ్డ దక్కదని ఏడిసి కాళ్ళు పట్టుకున్నాడు."

స్వర్ణ వెనక్కి తిరిగింది.

బేబి ముఖంలో ఏడుపు లేదు. చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఏటి అలా సూత్తావొదినా? ఈ రిసార్టు కట్టించే విశాఖోళ్ళకి ఒక పేరు కావాలన్నారు, ఇచ్చాను. ఆ కట్టలో కాగితం దూర్సిందీ, పేజీలో కామెంట్లు తుడిసిందీ నేనే. ఏడాదిగా ఆ గదుల్లోనే కదా నువ్వూ తిన్నావు, నవ్వావు? ఎవురు కడతన్నారని ఒక్కనాడైనా అడిగావా?"

ఫోన్‌లో గుమస్తా గొంతు వినిపించింది. "ఎవరమ్మా? హలో?"

"వదినా, పెట్టెయ్ ఫోను." బేబి కట్టుకున్న చేతులు విప్పి ముందుకొచ్చింది. "మనింటి సంగతి మనింట్లో సూసుకుందాం. మా అయ్య మొకం సూడు."

సురేంద్ర రెండు చేతులూ జోడించాడు. పైన సోంబరు చువ్వలు వదల్లేదు. మిక్సరు తిరుగుతూనే ఉంది.

ఫల్గుణ వంగి అడ్డాకు ఎత్తాడు.

"పేరు చెప్పమ్మా, రాసుకుంటాను" అన్నాడు గుమస్తా.

"రాసుకోండి" అంది స్వర్ణ, మిక్సరు మోత మీదుగా అందరికీ వినపడేలా. "బేబి. మా మావ సురేంద్ర కూతురు బేబి."