విజయమ్మ ముగ్గు చిన్నదైంది

అలియాబాద్‌లో అంజయ్య ఇంటి గేటు లారీ పట్టేంత వెడల్పు. ఆ గేటు ముందు, దాని వెడల్పు నిండా రోజూ పొద్దున్నే ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేసేది ఆయన భార్య విజయమ్మ. అలాంటి ముగ్గు రెండేళ్లుగా కుంచించుకుపోతూ వచ్చి, ఇప్పుడు పళ్లెమంత అయింది. చూడనివాళ్లు లేరు, పట్టించుకున్నవాళ్లూ లేరు.

"కోడలొచ్చినంక అత్తకు బద్దకమొచ్చింది" అని నవ్వాడు అంజయ్య.

విజయమ్మకు ఒళ్లు మండిపోయింది. పెద్దదే వేద్దామని వంగుతుంది. వేళ్లు మాట వినవు, గీత దానంతటదే చిన్నదైపోతుంది. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి పావుగంట పడుతోంది. భుజం కొయ్యబారింది. చెబితే ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు ముట్లు ఆగిన వయసన్నారు, ఆర్‌ఎంపీ కాల్షియం బిళ్లలిచ్చాడు.

అంజయ్య సంగతి వేరు. పోయినేడు ప్లాట్ల కాగితాల మీద సంతకం పెడుతుంటే ఆయన బొటనవేలు కాస్త వణికింది. మర్నాటికల్లా సిటీలో పెద్దాసుపత్రి, తలకు స్కానింగ్! చివరికి తేలిందేమిటయ్యా అంటే, చాయ్ ఎక్కువైందట. వారం రోజులు ఇంటిల్లిపాదీ ఆయన చేతినే చూస్తూ కూర్చుంది.

ఒకరోజు కోడలు తృప్తి ఫోనులో తన పెళ్లి ఫొటోలు చూస్తూ, గేటు ముందు అత్త వేసిన పెద్ద ముగ్గు కనిపించే ఫొటో దగ్గర ఆగిపోయింది. బయటికొచ్చి ఆనాటి ముగ్గుకు ఫొటో తీసింది. "అత్తమ్మా, గిది బద్దకం కాదు. నడువు, పోదాం" అంది.

శామీర్‌పేటలో నరాల డాక్టరు బాలాత్రిపురసుందరి. "ఏమ్మా, ఏమిటి ఇబ్బంది?" అని అడిగింది.

"ఏం లేదు మేడం, జర వయసు..." వెంట వచ్చిన అంజయ్య అందుకున్నాడు.

"నేనడిగింది ఆవిడని."

ఆ మాట కోసమే రెండేళ్లుగా కాచుకున్నట్టు విజయమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "చెయ్యి నా మాట ఇంటలేదమ్మా. ఇంట్ల నా మాట ఎవరూ ఇంటలేరు."

డాక్టరు రెండు ఫొటోలూ చూసింది, వేళ్లు ఆడించమంది, నడిపించి చూసింది. పార్కిన్సన్స్ అని చెప్పింది.

"వణుకుడు రోగమా? ఈమెకు వణుకే లేదు! గది మగోళ్లకొస్తది గద?" అన్నాడు అంజయ్య.

"మగవాళ్లలో ఎక్కువే. అందుకే ఆడవాళ్లలో అనుమానించడం ఆలస్యమవుతోంది. వణుకు లేకుండా బిగుసుకుపోవడంతోనూ మొదలవుతుందండీ. రాత చిన్నదవడం మేం వెతికే గుర్తు. మీ సంతకం మారితే బ్యాంకువాళ్లే పట్టుకునేవాళ్లు. ఈవిడ ముగ్గు మారితే ఎవరు పట్టుకున్నారు? జబ్బు పూర్తిగా పోదు. మందు ముందే పడి ఉంటే ఈ రెండేళ్ల అవస్థ చాలావరకు తప్పేది."

కారులో అంజయ్య గొణిగాడు. "ముందుగాల గట్టిగ జెప్పద్దా?"

"ఇంకెట్ల జెప్పాలె?" విజయమ్మ ఒక్కసారిగా అరిచింది. "దినాం గేటు ముంగట రాసిపెట్టిన. దాటుకుంట పోయినవ్."

అయ్యలారా, అమ్మలారా! జబ్బు ఆడవాళ్లకొక తీరున, మగవాళ్లకొక తీరున రావచ్చు. వాళ్ల మాట వినే చెవి మాత్రం ఇద్దరికీ ఒకటే ఉండాలి.