వణికే గోడకు చెక్కపట్టీలు

జమున కుట్టిన జాకెట్లన్నీ మంచం మీదే పడి ఉంటాయి. ఎవరైనా పడుకోవాలంటే ముందు వాటిని తీసి కుట్టుమిషన్ మీద పెట్టాలి. గోడకు అడ్డంగా రెండు చెక్కపట్టీలు బిగించి కొక్కేలు పెడితే బాధ తీరుతుందని ఆమె ఎండాకాలం నుంచి అంటోంది.

"మా తమ్మునికి చెప్తే పొద్దుమీకేలోపు కొట్టిపోతడు," అంది ఒకరోజు.

ఆ మాటకు ఆమె భర్త కొండల్ లేచాడు.

జమున తమ్ముడు వెంకటేశ్ ఆదిలాబాద్‌లో బట్టల దుకాణాలకు చెక్కపని చేస్తాడు. చెయ్యి మంచిదే, నోరే పెద్దది. కిందటేడు కొండల్ తను పడుకునే గదికే గొళ్లెం బయటివైపు బిగించుకున్న సంగతి, తమ వైపు ఏ పెళ్లయినా బంతిలో కూర్చుని చెబుతాడు. ఈసారి వేములవాడ మొక్కుకు వస్తూ వీళ్లింట్లో దిగుతానని ఫోన్ చేశాడు.

"పట్టీలా? ఎప్పుడో బిగించిన. వచ్చి చూసుకో," అన్నాడు కొండల్. అప్పటికి చెక్కలింకా కోతమిల్లులోనే ఉన్నాయి.

వెంకటేశ్ వచ్చే రోజు పొద్దున కొండల్ డ్రిల్లింగ్ మిషన్ అద్దెకు తెచ్చాడు. పక్కగదిలో ఆడుతున్న సాంచాలు రెండూ ఆపాడు. మరమగ్గాలను ఆ ఊళ్లో సాంచాలనే అంటారు. సిమెంటు ఇటుకల గోడకు రంధ్రాలు చేసి, ప్లాస్టిక్ ప్లగ్గులు దూర్చి, పట్టీలు ఆనించి స్క్రూలు బిగించాడు. పట్టుకుని గుంజాడు. కదల్లేదు. జమున కొక్కేలకు పెళ్లివాళ్ల పట్టు జాకెట్లు తగిలించింది. ఆమె మెచ్చుకోవడం అంతే.

కొండల్ పోయి సాంచాలు నడిపించాడు. కాసేపటికే జమున కేకేసింది.

"జర ఇటు రా. జాకెట్లు ఎగురుతున్నయి."

సాంచాలున్నది ఆ గోడకు అవతలే. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే ఉన్న కొండల్‌కు గోడ వణుకుతుందన్న సంగతే తోచలేదు. ఒక స్క్రూ ప్లగ్గుతో సహా మెల్లగా బయటికి వస్తోంది. బొటనవేలితో నొక్కాడు. పోయింది. మళ్లీ వచ్చింది.

"నువ్వు పెట్టింది గోడకు పడ్తలేనట్టున్నది. కక్కుతున్నది," అంది జమున.

"నవ్వకు. వాడొచ్చే యాళ్లయింది."

"వచ్చి పోయేదాక గట్లనే నొక్కి పట్టు. చూసెటోళ్లకు బిగించినట్టే ఉంటది."

కొండల్ ఆ స్క్రూను లోపలికి కొట్టి, సాంచాలు ఆపేశాడు.

వెంకటేశ్ వచ్చాడు. నీళ్లు తాగకముందే పట్టీల దగ్గరికి నడిచాడు.

"మంచిగనే ఉన్నయి బావా. ఎవలను పిలిచినవ్?"

"ఎవలను పిలుస్త? నాకు చేతుల్లేవా?"

"సాంచాలెందుకు బందున్నయి? కరెంటున్నది గద?"

"బామ్మర్ది వచ్చిండని."

"నా పెండ్లి నాడు సుత ఆపలే నువ్వు." వెంకటేశ్ గోడను చూశాడు. అక్కను చూశాడు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నా కోసం పని బంద్ పెట్టద్దు బావా," అని తనే వెళ్లి రెండు సాంచాలూ నడిపించి వచ్చాడు. పట్టీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఎక్కువసేపు పట్టలేదు. పై పట్టీ ఒక పక్క ఊడి ఒరిగింది.

"అయ్యో, పెండ్లిపిల్ల జాకెట్లు!" జమున అరిచింది.

దగ్గరున్నది వెంకటేశే. రెండు చేతులతో పట్టీని ఎత్తిపట్టాడు. కొండల్ నిదానంగా లేచి సాంచాల గదికి బయలుదేరాడు.

"బంద్ పెట్టు బావా, జల్ది!"

"బంద్ పెట్టద్దంటివి గద. బట్ట తాను అయిపోవస్తున్నది. జర పట్టు."

జమున చాయ తెచ్చింది. తమ్ముడికి చెయ్యి ఖాళీ లేదని సాసర్లో పోసి తనే తాగించింది.

"ఆదిలాబాద్ దుకాణాలల్ల గిట్లనే పట్టుకొని నిలబడ్తవారా?"

"అక్కా, నీకు దండం పెడ్త, ఆపుమను."

"పెట్టు మరి. చెయ్యి తీసి పెట్టు."

వెంకటేశ్ గోడకేసి గొంతు పెంచాడు. "బావా! అవుతలి దాక బోల్టు కొట్టి నేనే బిగిస్త! ఎవలకు చెప్ప!"

"ఏందీ? సాంచాల చప్పుడుకు ఇనబడ్తలే!"

"ఎవ్వలకు చెప్ప!"

ఈసారి వాడకట్టంతా విన్నది. కొండల్ ఒక సాంచ ఆపాడు. రెండోదాన్ని ఇంకాసేపు ఆడనిచ్చాడు.