నల్లజీడి లేహ్యం

మొగిలయ్య చేతికుట్టు కోసం పంజాగుట్ట బంగళాలవాళ్లు ఒకప్పుడు కబురు పంపి మరీ షేర్వానీలు కుట్టించుకునేవాళ్లు. జర్మనీతో యుద్ధం వచ్చాక ఆ షేర్వానీలు పోయాయి. ఆయన పనిచేసే వజీర్ మాస్టర్ దుకాణంలో ఇప్పుడన్నీ పటాలం సిపాయిల బట్టలే. చెయ్యి చకచకా ఆడాలి. యాభై దాటిన మొగిలయ్య వేళ్లు వణుకుతున్నాయి, బొత్తాల కాజాలు వంకర పోతున్నాయి.

"నీ చెయ్యి జర నెమ్మదైంది మొగిలన్నా. పటాలమోళ్లు పడుచు పోరగాండ్లనే పెట్టుకోమంటున్నరు. నేనేం జేయాలె, నువ్వే చెప్పు," అన్నాడు వజీర్.

కోప్పడి ఉంటే మొగిలయ్య కూడా కోప్పడేవాడు. అంత మెత్తగా చెప్పేసరికి తల దించుకుని, ఇంకెన్నాళ్లు పనిలో ఉంచుకుంటాడోనన్న దిగులుతో అమీర్‌పేటలోని ఇంటికి వచ్చేశాడు.

శుక్రవారం సెలవు. బల్కంపేటలో వేర్లు, మూలికలు అమ్ముకునే హనుమాండ్లు దగ్గరికి పోయాడు. ఆయన మొగిలయ్య భార్యకు అన్న. హనుమాండ్లుకు అరవై దాటినా జుట్టు నెరవలేదు. మూలికల మూట నెత్తిన పెట్టుకుని గుట్టలెక్కి దిగుతాడు. అదంతా నల్లజీడి లేహ్యం మహిమేనని అందరికీ చెబుతాడు. చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే ఆ నల్లజీడి గింజలనే ఇటుక పొడిలో రుద్ది, పాలల్లో ఉడికించి, నువ్వులు, బెల్లం, నెయ్యి కలిపి తానే చేసుకుంటాడు. వేళ్ల వణుకు పోవడానికి తనకూ కాస్త ఇమ్మని మొగిలయ్య అడిగాడు.

"ఇస్త బావా. కానీ పత్తెం తప్పొద్దు," అన్నాడు హనుమాండ్లు. "ఎండల తిరగొద్దు. నిప్పుకాడ కూసోవద్దు. ఒళ్లు దురద వెట్టిందనుకో, ఎంటనే ఆపెయ్యాలె."

మొగిలయ్య అన్నిటికీ సరేనన్నాడు. కానీ దర్జీవాడు నిప్పుకు ఎట్లా దూరమవుతాడు? బొగ్గుల ఇస్త్రీపెట్టె రోజంతా చేతిలోనే ఉంటుంది.

మొదట్లో మంచే జరిగింది. ఆకలి పెరిగింది, నిద్ర పట్టింది. ఒక పొద్దున మొదటిసారికే సూదిలో దారం ఎక్కింది. మొగిలయ్య పిల్లాడిలా నవ్వుతూ సూది తెచ్చి భార్య కాంతవ్వకు చూపించాడు. ఆమె లేహ్యం మీద తాగడానికి పాలు ఇంకాస్త చిక్కగా కాచసాగింది.

తర్వాత మెడ దగ్గర దురద మొదలైంది. ఎర్రగా దద్దులు లేచి, అవి బొబ్బలై నీరు కారాయి.

"అన్న ఆపుమన్నడు గదా!" అంది కాంతవ్వ.

"పాత తోలు ఊడుతున్నది. లోపటికెల్లి కొత్తది వస్తది. ముసలితనం పోవుడంటే ఊకెనే పోతదా?"

"నాకు భయమైతున్నది. నీ కాల్మొక్త, ఆపు."

"ఇప్పుడాపితే తిన్నదంత మన్నుల గలుస్తది. నన్ను పనిలకెల్లి తీసేస్తరు. అప్పుడేం జేద్దాం, చెప్పు?"

ఆయన పనికి పోగానే ఆమె లేహ్యం జాడీని బియ్యం గోలెంలో దాచింది. మొగిలయ్య వచ్చి ఇల్లంతా వెతికాడు. తిట్టలేదు, కొట్టలేదు. అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడూ అంతే. ఆయన ఆకలిని ఆమె చూడలేకపోయింది. జాడీ తీసి తన చేత్తోనే ఆయన ముందు పెట్టింది.

తోలు జబ్బులను మాన్పుతాయని ఎల్లమ్మ గుడి బావి నీళ్లు తెచ్చి బొబ్బల మీద పోసింది. అయినా ఆయన ముఖం ఉబ్బింది. కాళ్లు ఉబ్బాయి. మూత్రం చుక్కలు చుక్కలుగా, నల్లగా వచ్చి, చివరికి ఆగిపోయింది. కబురు అందుకుని వచ్చిన హనుమాండ్లు బావను చూసి చెల్లెలి వైపు తిరిగాడు.

"దురద లేసిననాడే నాకెందుకు చెప్పలే చెల్లె?"

"చెప్తే నీ మాట ఇంటుండెనా అన్నా?"

టాంగా కట్టించుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు రోగిని చూసి, లేహ్యం సంగతి విని, హనుమాండ్లును పక్కకు పిలిచి అడిగాడు.

"నువ్వు సుత గిదే తింటున్నవా?"

"తింటున్న సాబ్. మస్తు ఏండ్ల సంది. ఒక్క జాడీల మందే ఇద్దరం తిన్నం."

"నీకు పడ్డది. ఆయనకు పడలే. మూత్రపిండాలు ఖరాబైనయి."

"ఎవరికి పడ్తది, ఎవరికి పడదు, ముందుగాల ఎట్ల తెలుస్తది సాబ్?"

"నాకు సుత తెల్వది," అన్నాడు డాక్టరు.

మొగిలయ్య మంచం మీద కళ్లు తెరవలేనంతగా ఉబ్బి ఉన్నాడు. కాంతవ్వ చెవి దగ్గర పెడితే మాట వినిపించింది.

"వజీర్ భాయ్‌కి చెప్పు. కొత్త తోలు రాంగనే వస్తనని చెప్పు."

ఆమె చెబుతానంది. మర్నాడు తెల్లవారకముందే ఆయన పోయాడు.

దినాలు అయ్యాక ఒక మధ్యాహ్నం హనుమాండ్లు ఆమె ఇంటికి వచ్చాడు. మనిషి ఎప్పటిలాగే గట్టిగా ఉన్నాడు. జుట్టు నల్లగానే ఉంది. కానీ కూర్చున్నవాడు కూర్చున్నట్టే తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, ఎక్కడైనా దద్దు లేచిందేమోనని.

ఎన్నో మాటలు అనాలని ఎదురుచూసిన కాంతవ్వ ఆయనకు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"చెల్లె, నేను సుత ఆపాల్నా?" అన్నాడు. "తింటే ఏమైతదో. ఇన్నేండ్లు తిన్నంక ఆపితే ఏమైతదో. ఎవర్నడిగినా చెప్తలేరు."

"నాకేం తెలుసన్నా," అంది కాంతవ్వ.

పొయ్యి మీద అన్నం ఉడికింది. ఆమె లేచి ఆయనకు కంచం పెట్టింది.