సక్కుబాయి చెప్పిన సాక్ష్యం

కిషన్‌బాగ్‌లో గంపనెత్తుకుని కూరగాయలు అమ్మే సక్కుబాయికి, పర్మిట్ల ఆఫీసు నుంచి విచారణకు వచ్చిన గుమాస్తా అడిగినవన్నీ తెలిసిన సంగతులే. అందుకే తడుముకోకుండా చెప్పింది. పక్కింటి రాబియా 1948 ఎండాకాలంలో కరాచీ పోయిందనీ, అక్కడ ఆమె చెల్లెలి కూతురి పెళ్లనీ, పెళ్లిబట్టలన్నీ తనే కుడతానని కుట్టుమిషన్ కూడా మోయించుకుపోయిందనీ చెప్పింది. గుమాస్తా అంతా రాసుకుని, ఆమె వేలిముద్ర వేయించుకుని వెళ్లాడు.

రాబియా పోయిననాడు ఏ కాగితమూ అక్కర్లేదు. ఆమె తిరిగి బయల్దేరేలోపే ఇక్కడ నిజాం పాలన పోయి సర్కారు మారింది. కరాచీ నుంచి రావాలంటే పర్మిట్ ఉండాలన్నారు. చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో పనిచేసే ఆమె భర్త దస్తగీర్ దరఖాస్తు పెట్టి అప్పటికే ఏడు నెలలైంది.

విచారణ జరిగిన పదిహేను రోజులకు జవాబు వచ్చింది. దస్తగీర్ గోడ మీదుగానే సక్కుబాయికి చెప్పాడు. దరఖాస్తు కొట్టేశారట. తిరిగొచ్చే మనిషి కుట్టుమిషన్ వెంట తీసుకుపోదని, అక్కడే ఉండిపోవాలనే పోయిందని తేల్చారట. మిషన్ సంగతి ఎవరు చెప్పారో అతనికి తెలియదు.

ఆనాటి నుంచి సక్కుబాయికి కాలు నిలవలేదు. తూకం తప్పింది. పొయ్యి మీద అన్నం మాడింది. దస్తగీర్ వాకిలి దాకా పోయేది, పిలవకుండానే తిరిగొచ్చేది. మూడో రోజు పొద్దున అతను దుకాణానికి పోతుంటే ఎదురుగా నిలబడింది.

"మిషిన్ సంగతి చెప్పింది నేనే, భాయ్. గా మాట అడ్డమైతదని నాకు ఎర్కలే."

దస్తగీర్ దుకాణానికి పోకుండా వెనక్కి తిరిగాడు. మిగతా సంగతి కూడా ఆఫీసులో చెబుతావా అని అడిగాడు.

సక్కుబాయికి నాలుగు రోజులు పర్మిట్ల ఆఫీసు వరండాలోనే గడిచాయి. ఐదో రోజు ఆనందరావు అనే అధికారి పిలిపించాడు. మర్యాదగానే మాట్లాడాడు, కుర్చీ చూపించాడు. పోయే మనిషి మనసులో ఏముందో తమకు కనబడదనీ, వెంట ఏం పట్టుకుపోయిందో చూసే నిర్ణయించాలనీ అన్నాడు.

సక్కుబాయి కూర్చోలేదు.

"మిషిన్ తీస్కపోయింది, నిజమే సారూ. మొగడు ఈడనే ఉండె, ఇల్లు ఈడనే ఉండె. గవి ఎందుకు రాస్కోలే?"

ఆయన అవీ రాయించాడు. రెండు నెలల తర్వాత పర్మిట్ వచ్చింది, అదీ నెల రోజులు ఉండి పోవడానికే.

రాబియా తన ఇంటికి తనే చుట్టంలా వచ్చింది. వారం వారం ఠాణాకు పోయి సంతకం చేయాలి. సక్కుబాయి తోడు వెళ్లేది. మొదటిసారే, దారిలో, జరిగిందంతా చెప్పేసింది. రాబియా ఒక్క క్షణం ఆగింది.

"నువ్వేం అబద్ధం చెప్పలే గదక్కా," అని మళ్లీ గబగబా నడిచింది. ఆలస్యమైతే గైర్హాజరు రాస్తారని ఆమె బెంగ.

గడువు పెంచమన్న అర్జీకి జవాబే లేదు. ముప్పయ్యో రోజున నాంపల్లి స్టేషన్లో రాబియా బొంబాయి బండి ఎక్కింది, అక్కడి నుంచి కరాచీకి ఓడ. కదిలే బండిలోంచి భర్తకు ఏదో చెప్పింది గానీ వినబడలేదు.

దస్తగీర్, సక్కుబాయి కలిసే నడిచి వచ్చారు. వాకిట్లో తాళం తీస్తూ అతను, మళ్లీ దరఖాస్తు పెడతానన్నాడు.

"ఎన్నింటికి పోవాలె?" అని అడిగింది సక్కుబాయి.